నలభై ఐదు రోజుల సెలవు పంతొమ్మిది నెలలైంది

2020 ఫిబ్రవరి 12న మా నాన్న సంవత్సరీకానికి కువైట్ నుంచి బయలుదేరి, చెన్నైలో దిగి, ఒంటిమిట్ట దగ్గరి మా ఊరికి చేరినప్పుడు నా చేతిసంచిలో ఉన్న కాగితాలు మూడే: పాస్‌పోర్టు, కువైట్ ఇచ్చే సివిల్ ఐడీ గుర్తింపు కార్డు, మార్చి 28వ తేదీకి తిరుగు టికెట్టు. పదకొండేళ్ళుగా ఈ మూడింటితోనే వచ్చిపోతూ ఉన్నాను. నలభై ఐదు రోజుల్లో కార్యం ముగించి, మిద్దె మీద కారుతున్న చోట సిమెంటు వేయించి, పెద్దవాడు పదో తరగతి పరీక్షలకు కూర్చునేదాకా ఉండి వెళ్ళిపోదామనుకున్నాను. ఆ పరీక్షలు జరగనే లేదు. నేను తిరిగి విమానం ఎక్కింది 2021 సెప్టెంబరు 14న.

రాజంపేట, రాయచోటి, కోడూరు వైపు (అప్పటికి ఇవన్నీ కడప జిల్లాలోనివే) ఏ ఊరికి వెళ్ళినా కువైట్ డబ్బుతో లేచిన మిద్దె ఒకటైనా కనిపిస్తుంది. మా వాళ్ళకు కువైట్ పరాయి దేశమన్న భావం తక్కువ. హైదరాబాదుకు పోవడం, కువైట్‌కు పోవడం ఒకే గొంతుతో చెప్పుకొనే ఊళ్ళు మావి. ఎవరైనా సెలవు మీద వస్తే రెండో వారం నుంచే "ఎప్పుడు పోతావు?" అని అడగడం మర్యాద కింద లెక్క. ఆ ప్రశ్నకు నాకు పంతొమ్మిది నెలలపాటు జవాబు లేకపోయింది. అందుకు కారణం రోగమే అయినా, నన్ను రోజువారీగా ఆపినది రోగం కాదు, ఒకదానితో ఒకటి పొసగని కాగితాలూ తేదీలూ. ఇక్కడ చెప్పబోయేది వాటి సంగతే.

మొదటి హెచ్చరిక మార్చి మొదటి వారంలోనే వచ్చింది. భారతదేశంతో సహా పది దేశాల నుంచి వచ్చేవారు మార్చి 8 నుంచి కరోనా లేదన్న ధ్రువపత్రాన్ని, అదీ కువైట్ రాయబార కార్యాలయం గుర్తించిన కేంద్రం నుంచి, తెచ్చుకోవాలని ఉత్తర్వు వెలువడింది. ఆ కేంద్రం ఎక్కడుందో కనుక్కోవడానికి నేను కడప, తిరుపతి, చెన్నైలకు ఫోన్లు చేస్తూ ఉండగానే ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకున్నారు. ఆ వెంటనే మన దేశంతో విమానాలను వారం రోజులు ఆపారు, ఆ వారం ముగియకముందే, మార్చి 13 నుంచి, ప్రయాణికుల విమానాలన్నీ ఆగిపోయాయి. మన ప్రభుత్వం మార్చి 22 నుంచి అంతర్జాతీయ విమానాలను నిలిపివేసింది. నా టికెట్టు తేదీ వచ్చేసరికి ఊరి పొలిమేరలో కంచె కట్టి ఉంది.

మే 9న వందే భారత్ మిషన్ కింద కువైట్ నుంచి మొదటి విమానం హైదరాబాదులో దిగిందని టీవీలో చూశాం. మా ఇంట్లో అది వింతైన పూట. అక్కడున్నవాళ్ళు ఇక్కడికి రావడానికి దారి తెరిచారు కానీ, ఇక్కడ చిక్కుకుని అక్కడ ఉద్యోగమున్నవాళ్ళకు దారి లేదు. వచ్చేవాళ్ళ కోసం జాబితాలు, క్వారంటైన్ కేంద్రాలు, బస్సులు ఉన్నాయి. పోవలసినవాళ్ళను లెక్కపెట్టినవాళ్ళు లేరు. మే 31 నుంచి నా గది ఉన్న ఫర్వానియా ప్రాంతాన్ని పూర్తిగా మూసివేసినప్పుడు, నా గదిలోని మిగతా ఐదుగురూ లోపల ఇరుక్కుని, "నువ్వే అదృష్టవంతుడివన్నా, వేపచెట్టు కింద కూర్చున్నావు" అనేవారు. వాళ్ళ మాట నిజమే. కానీ వాళ్ళకు సగం జీతమైనా వస్తోంది, నాకు ఏప్రిల్ నుంచి అదీ లేదు.

కువైట్‌లో నా ఉద్యోగం షువైఖ్‌లోని ఒక భవన సామగ్రి సంస్థలో స్టోర్‌కీపర్‌గా. వీసా పద్దెనిమిదో నంబరుది, అంటే మావాళ్ళు షూన్ వీసా అనేది. ఇళ్ళలో పనిచేసేవారికి ఇచ్చే ఇరవయ్యో నంబరును ఖాదిం వీసా అంటారు. ఏ వీసా అయినా అప్పట్లో మామూలు రోజుల్లో ఒక నియమం ఉండేది: ఆరు నెలలకు మించి దేశం బయట ఉంటే అకామా, అంటే అక్కడ నివసించడానికి ఇచ్చే అనుమతి, రద్దయ్యేది. ఫిబ్రవరి 12 నుంచి లెక్కవేస్తే నాకు ఆగస్టు 12 గడువు. విమానాలు ఆపింది వాళ్ళే కనుక ఆ నియమాన్ని సడలించి, బయట ఉన్నవారి అకామాను యజమాని ఆన్‌లైన్‌లో పునరుద్ధరించుకోవచ్చని చెప్పారు. చెప్పడం వేరు, యజమాని ఆ పని చేయడం వేరు. పనిలోకి రాని మనిషి కోసం రుసుములు కట్టాలి, ఆరోగ్య బీమాకే అప్పట్లో ఏడాదికి 50 దినార్లు. అప్పటి మారకంలో అది రమారమి పన్నెండు వేల రూపాయలు. మా మేనేజరు రుసుములన్నీ ఉద్యోగం వదిలేటప్పుడు నాకు వచ్చే సర్వీసు డబ్బులో కోసుకుంటానన్న షరతు మీద ఒప్పుకున్నాడు. నేను మారు మాట్లాడలేదు. అక్టోబరులో ముగియవలసిన అకామా 2021 అక్టోబరుదాకా పెరిగింది.

పెరిగిందని చూపే కాగితం మాత్రం నా దగ్గర లేదు. పూర్వం అకామా పాస్‌పోర్టులో ఒక పేజీ నిండా అతికించిన స్టిక్కరుగా ఉండేది, ఊరిలో పెద్దవాళ్ళు దాన్ని తడిమి చూసేవారు. 2019 మార్చి నుంచి కువైట్ ఆ స్టిక్కరును తీసేసి, సివిల్ ఐడీ కార్డునే ఆధారంగా పెట్టింది. నా చేతిలోని కార్డు మీద ఉన్నది పాత తేదీ. కొత్త కార్డు కువైట్‌లో పౌర సమాచార సంస్థ వారి యంత్రంలో ముద్రణై నా కోసం ఎదురుచూస్తోంది. మిగిలింది ఫోన్‌లో సివిల్ ఐడీని చూపే యాప్ ఒక్కటే. దాన్ని కొత్త ఫోన్‌లో తెరవబోతే నా కువైట్ నంబరుకు అంకెలు పంపుతామంది. ఆ సిమ్ కడపలో ఎన్ని నెలలుగా మూగగా పడివుందో అప్పుడు గుర్తొచ్చింది. ప్రీపెయిడ్ సిమ్‌ను కొంతకాలం రీచార్జి చేయకపోతే నంబరే పోతుంది. గదిలోని పీలేరు తమ్ముడు ఒకడు నా అదృష్టం కొద్దీ రెండు దినార్లు పెట్టి దాన్ని బతికించి ఉంచాడు. నా పంతొమ్మిది నెలల కథలో అతి చవకగా జరిగిన మేలు అదే.

2020 ఆగస్టు 1న కువైట్ విమానాశ్రయం మళ్ళీ తెరుచుకున్నా, మనతో కలిపి ఏడు దేశాల పేర్లు రెండు రోజుల ముందే నిషేధ జాబితాలోకి ఎక్కాయి. విమానాశ్రయం తెరుచుకున్న రోజే ఆ జాబితా ముప్ఫై ఒక్క దేశాలకు పెరిగింది. అయితే జాబితాలో లేని మరో దేశంలో పద్నాలుగు రోజులు ఉండి, కరోనా లేదన్న పరీక్షతో వస్తే రానిస్తామన్నారు. దాంతో దుబాయి మధ్యలో ఒక మజిలీ అయింది. విజిట్ వీసా, పద్నాలుగు రోజుల గది, పరీక్ష, అక్కడి నుంచి కువైట్‌కు టికెట్టు అన్నీ కలిపి ఒక ప్యాకేజీగా ట్రావెల్ ఏజెంట్లు అమ్మారు. మా మేనత్త కొడుకు, నాకు బావ వరస, ఖాదిం వీసా మీద ఒక ఇంట్లో డ్రైవరు. ఆ ఇంటి యజమాని, మావాళ్ళ మాటలో సేటు, తొందరపెట్టడంతో లక్షా ముప్ఫై వేలు అప్పు చేసి 2021 జనవరి 24న దుబాయి వెళ్ళాడు. నన్నూ రమ్మన్నాడు. నేను రెండు రోజులు ఆలోచించి, ఒక్క రోజు తేడా వస్తే మునిగిపోయే బేరం ఇది అనిపించి ఆగిపోయాను. ఇందులో తెలివి కన్నా పిరికితనమే ఎక్కువ.

బావ పద్నాలుగు రోజులు ముగియకముందే, 9వ తేదీకి టికెట్టు చేతిలో ఉండగా, ఫిబ్రవరి 7 నుంచి కువైటీలు కానివారెవరినీ రానివ్వబోమని ప్రకటన వచ్చింది. మొదట రెండు వారాలన్నారు, తరువాత అది మళ్ళీ చెప్పేవరకు అయింది. ఒక గదిలో ఎనిమిదిమంది చొప్పున ఉన్నవాళ్ళు కొందరు వీసా పొడిగించుకున్నారు, కొందరు వెనక్కి వచ్చారు. బావ ఇరవై రెండు రోజులకు వెనక్కి వచ్చి, అప్పు గురించి మా అత్తకు చెప్పవద్దని నాతో ఒట్టు వేయించుకున్నాడు. ఏప్రిల్ 24 అర్ధరాత్రి నుంచి ఎమిరేట్స్ కూడా మన దేశపు ప్రయాణికులను ఆపేయడంతో ఆ మజిలీ కూడా మూతపడింది.

ఆ ఏప్రిల్, మే నెలలు మా ఊరికి ఎలా గడిచాయో ఇక్కడ రాయను. జూన్‌లో కువైట్ ఒక మాట చెప్పింది: ఆగస్టు 1 నుంచి, చెల్లుబాటయ్యే అకామా ఉండి, తాము ఆమోదించిన టీకాలు పూర్తిగా వేసుకున్న విదేశీయులను రానిస్తాం. ఆమోదించినవి ఫైజర్, ఆక్స్‌ఫర్డ్-ఆస్ట్రాజెనెకా, మోడెర్నా, జాన్సన్ అండ్ జాన్సన్. వీటిలో మనకు దొరికేది ఆస్ట్రాజెనెకా ఒక్కటే, అదీ కోవిషీల్డ్ అనే పేరుతో. పదో తరగతి దాకా చదివిన నేను టీకా తయారీదారు పేరు కోసం సీసాల మీది అక్షరాలు చదివే రోజు వస్తుందని అనుకోలేదు. బావ వయసు 47 కావడంతో, నలభై ఐదు దాటినవారికని ఏప్రిల్‌లోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వేయించుకున్నాడు. ఆ రోజు అక్కడ ఉన్నది కోవాగ్జిన్. ఏది వేస్తున్నారని ఆయన అడగలేదు, అడగాలని ఎవరికి తెలుసు? ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవాగ్జిన్‌ను తన అత్యవసర వినియోగ జాబితాలో చేర్చింది నవంబరు 3న. అప్పటికి బావ సేటు వేరే డ్రైవరును పెట్టుకున్నాడు.

నాకు నలభై ఒకటి. మా దగ్గర అప్పటికి నలభై ఐదు దాటినవారికే టీకా వేస్తున్నారు. పైగా కోవిషీల్డ్ రెండు డోసుల మధ్య వ్యవధిని మే నెలలో పన్నెండు నుంచి పదహారు వారాలకు పెంచారు. అంటే జూన్‌లో మొదలుపెట్టినా సెప్టెంబరు దాటవచ్చు, అక్టోబరులో నా అకామా ముగుస్తుంది. జూన్ 7న కేంద్ర ప్రభుత్వం చదువులకూ ఉద్యోగాలకూ విదేశాలకు వెళ్ళేవారు, టోక్యో ఒలింపిక్స్‌కు వెళ్ళేవారు ఇరవై ఎనిమిది రోజులు గడిస్తే రెండో డోసు వేయించుకోవచ్చని మార్గదర్శకాలు ఇచ్చింది. ఒలింపిక్ క్రీడాకారులతో నాకు ఉన్న ఏకైక సామ్యం అది. సచివాలయంలో సివిల్ ఐడీ నకలు, సంస్థ ఇచ్చిన లేఖ, పాత టికెట్టు అన్నీ పెట్టి, వాలంటీరు వెంట నాలుగు రోజులు తిరిగితే జూన్ 16న మొదటి డోసు వేశారు. రెండోది జూలై 15న.

అసలు చిక్కు టీకా వేసిన గదిలోనే మొదలైంది, నేను గమనించలేదు. రిజిస్టరు రాస్తున్న అమ్మాయికి పాస్‌పోర్టు ఇచ్చాను. ఆమె అటూ ఇటూ తిప్పి, "ఆధార్ లేదా సార్?" అంది. ఉందని ఇచ్చాను. ఆ ఒక్క అలవాటు వల్ల ధ్రువపత్రం మీద ఆధార్‌లోని పేరు అచ్చయింది. మన పేర్ల సంగతి మనకు తెలిసిందే. నా పేరు వెంకటసుబ్బయ్య. పాస్‌పోర్టులో ఇంటిపేరు పూర్తిగా ఒక గడిలో, వెంకట ఒక మాటగా, సుబ్బయ్య మరో మాటగా ఇంకో గడిలో ఉన్నాయి, అందులో సుబ్బయ్య చివర ఐ, ఏ, హెచ్. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరం, చుక్క, దాని పక్కన వెంకటసుబ్బయ్య అంతా కలిపి ఒకే మాట, చివర వై, వై, ఏ. సివిల్ ఐడీ సరేసరి: ఇంగ్లీషు 'వి' (V)కి సరిపడే అక్షరం అరబ్బీలో లేదు కనుక, ఆ భాషలో నేను పదకొండేళ్ళుగా ఫెంకటనే. మా ఊళ్ళో ఈ మూడూ ఒకే మనిషి. కువైట్ ఆరోగ్య శాఖ వారి వెబ్‌సైటుకు మాత్రం ముగ్గురు.

రెండో డోసు మర్నాడే పత్రాన్ని పీడీఎఫ్‌గా వాళ్ళ సైటులో ఎక్కించాను. ఐదు రోజులకు తిరస్కరించినట్టు మెయిల్ వచ్చింది, ఇచ్చిన సమాచారం సరిపోలడం లేదని. ఏది ఏదానితో సరిపోలలేదో అందులో లేదు. కడప ఏడు రోడ్ల దగ్గర ఒక ఏజెంటును కలిస్తే, పదిహేను వందలు ఇస్తే పత్రం మీద పేరు మార్చి, కోవిషీల్డ్ పక్కన ఆస్ట్రాజెనెకా అని కూడా అచ్చు వేసి ఇస్తానన్నాడు. చాలామందికి చేశానని చెప్పాడు. పత్రం మూలన ఉన్న క్యూఆర్ గుర్తును ఫోన్‌తో చూస్తే లోపలి పేరు బయటపడుతుందని నేనంటే, "అంత లోతుగా ఎవరు చూస్తారన్నా" అన్నాడు. అంత లోతుగా చూసే దేశానికే పోతున్నామని అతనికి చెప్పి ప్రయోజనం లేదు. లేచి వచ్చేశాను.

టీకాల నమోదుకు మన ప్రభుత్వం పెట్టిన కోవిన్ పోర్టల్‌లో పేరు, పుట్టిన సంవత్సరం వంటివి దిద్దుకునే వీలు అప్పటికే పెట్టారు. పాస్‌పోర్టు నంబరును పత్రానికి జతచేసే వీలూ ఉంది, పేరు మాత్రం పాస్‌పోర్టులో ఉన్నట్టే ఉండాలి. దిద్దుబాటు ఒక్కసారే. ఆ ఒక్కసారిలో తప్పు కొడితే అంతే. నెట్ సెంటర్ అబ్బాయి చకచకా కొట్టేయబోతుంటే చేయి పట్టుకుని ఆపి, కుర్చీ నేను తీసుకున్నాను. పాస్‌పోర్టు ఫొటో పేజీ అడుగున యంత్రం చదవడానికి రెండు వరుసలు ఉంటాయి కదా, బాణం ములుకుల్లాంటి గుర్తుల మధ్య పేరు ఇరికించి ఉంటుంది. ఆ వరుసలో ఇంటిపేరు ముందు, పేరు తరువాత. గుర్తు ఉన్నచోటల్లా ఖాళీ వదలాలని నాకు నేను నిర్ణయించుకుని, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి కొట్టాను. మా అబ్బాయి పక్కన నిలబడి గట్టిగా చదివాడు. ఇద్దరం రెండుసార్లు సరిచూసుకున్నాక కూడా బటన్ నొక్కడానికి చేయి రాలేదు. చివరికి వాడే నొక్కాడు. మూడో రోజుకు పేరు మారింది, నంబరు చేరింది. కొత్త పత్రం ఎక్కించిన తొమ్మిది రోజులకు కువైట్ వారి ఇమ్యూన్ యాప్‌లో నా పేరు పచ్చరంగులోకి వచ్చింది. ఆ రాత్రి మా అమ్మ ఏమీ తెలియకపోయినా ఫోన్‌కు దిష్టి తీసింది.

పచ్చరంగు వచ్చింది కానీ విమానాలు లేవు. ఆగస్టు 1 గడిచింది. మన దేశం నుంచి నేరుగా వచ్చే విమానాలకు అనుమతినిస్తూ కువైట్ మంత్రివర్గం ఆగస్టు మూడో వారంలో నిర్ణయించింది, అవి నడవడం మొదలైంది సెప్టెంబరులో. సీట్లు తక్కువ. మామూలుగా పదిహేను, ఇరవై వేలకు దొరికే చెన్నై-కువైట్ టికెట్టు డెబ్బై రెండు వేలు పడింది. ఒకవైపు మాత్రమే. మా ఆవిడ గాజులు రెండు ఒంటిమిట్టలో కుదువ పెట్టాం.

సెప్టెంబరు 14 రాత్రి తొమ్మిదిన్నరకు విమానం. కరోనా లేదని చూపే పీసీఆర్ పరీక్ష డెబ్బై రెండు గంటలలోపుది కావాలి. ముందుగా ఇస్తే గడువు దాటుతుంది, ఆలస్యంగా ఇస్తే ఫలితం చేతికి రాదు. కడప నుంచి చెన్నై చేరడానికి ఐదు గంటలు, విమానాశ్రయంలో నాలుగు గంటలు, గాలిలో సుమారు ఐదు గంటలు. కువైట్ గడియారం మనకు రెండున్నర గంటలు వెనక నడవడం ఒక్కటే మనకు కలిసొచ్చేది, అది కూడా లెక్కకు పనికిరాదని తరువాత తెలిసింది, గంటలు గంటలే. ఇవన్నీ క్యాలెండరు వెనక రాసుకుని 12వ తేదీ ఉదయం పది గంటలకు నమూనా ఇచ్చాను. ఆదివారం, పైగా వినాయక చవితి మూడో రోజు నిమజ్జనం, ల్యాబులో ఉన్నది ఇద్దరే. మర్నాడు సాయంత్రం ఫలితం వచ్చింది. వ్యాధి లేదని ఉంది, పాస్‌పోర్టు నంబరు ఉంది, క్యూఆర్ ఉంది. వయసు మాత్రం 41కి బదులు 14. మా అబ్బాయి కన్నా నేను చిన్నవాణ్ణయ్యాను. ల్యాబు వారు పెన్నుతో దిద్ది ముద్ర వేసి ఇస్తామన్నారు. వద్దు, కంప్యూటరులోనే మార్చి క్యూఆర్‌తో సహా కొత్తది ఇవ్వాలని పట్టుబట్టాను. రాత్రి ఎనిమిదింటికి కొత్తది చేతికి వచ్చేసరికి కరెంటు పోయి, ఫోన్ వెలుతురులో చదువుకున్నాను.

మర్నాడు పొద్దున్నే రాజంపేట, కోడూరు, రేణిగుంట మీదుగా మరో ఇద్దరితో కలిసి కారులో చెన్నైకి వెళ్ళాను. విమానాశ్రయంలో కౌంటరుకు ముందే ఒక బల్ల వేసి కాగితాలు చూస్తున్నారు. టీకా పత్రం, ఇమ్యూన్ యాప్, పీసీఆర్, ప్రయాణికుల కోసం పెట్టిన కువైట్ ముసాఫర్‌లో నమోదు, క్వారంటైన్‌ను గమనించే ష్లోనిక్ యాప్ ఫోన్‌లో ఉందా లేదా, అకామా. నా ముందు నిలబడ్డది రాయచోటి అతను. ఆరు నెలల క్రితం పాస్‌పోర్టు గడువు ముగిసి కొత్తది తీసుకున్నాడు. టీకా పత్రంలో కొత్త నంబరే ఉంది, కువైట్ అకామా రికార్డులో మాత్రం పాత నంబరు అలాగే ఉండిపోయింది. పాత పాస్‌పోర్టు ఇంట్లో ఉంది. "ఇంట్లో ఎవరైనా ఉంటే ఫొటో తీసి పంపమనండి" అన్నారు బల్ల దగ్గరివారు. ఫొటో వచ్చింది, సరిపోదన్నారు. అతను సూట్‌కేసు మీద కూర్చుని వాళ్ళ ఇంటికి ఫోన్ చేస్తుండగా నన్ను పిలిచారు. నేను వెళ్ళాను. వెనక్కి తిరిగి చూడలేదు. అది ఇప్పటికీ బాగా అనిపించదు.

ఇమిగ్రేషన్ అధికారి కాలం తీరిన నా కార్డును చూసి తల అడ్డంగా ఊపితే, ఫోన్ యాప్‌లోని కొత్త తేదీని చూపించాను. ఆయన పక్క కౌంటరు వారిని అడిగి ముద్ర వేశారు. కువైట్‌లో దిగాక జరిగినదంతా అరగంటలో ముగిసింది. ఏడు రోజుల ఇంటి క్వారంటైన్, మధ్యలో పరీక్ష చేయించుకుని వ్యాధి లేకపోతే ముందే బయటపడవచ్చు. సంస్థవారు స్టోరు వెనక ఒక గది ఇచ్చారు. ష్లోనిక్ ఎప్పుడు పడితే అప్పుడు మోగి ముఖం చూపించమనేది. ఒకసారి స్నానంలో ఉండగా మోగితే సబ్బు నురగతోనే చూపించాను.

2022 మార్చి 27న మన దేశం అంతర్జాతీయ విమానాలను మామూలుగా నడపడం మొదలుపెట్టింది. మే 1 నుంచి కువైట్ టీకా, పీసీఆర్ షరతులను తీసేసింది. ఇక్కడి నుంచి ఊరికి వెళ్ళేటప్పుడు నింపవలసిన ఎయిర్ సువిధ దరఖాస్తు కూడా నవంబరులో పోయింది. చూడబోతే కాగితాలు మళ్ళీ మూడే. కానీ మేం వచ్చిపోయే తీరు మునుపటిది కాదు. అకామా ఎనిమిది నెలలైనా మిగిలి లేకుండా మా గదిలో ఎవరూ సెలవు పెట్టడం లేదు. పాస్‌పోర్టు ఏడాదిలో ముగిసేటట్టుంటే ఇక్కడి రాయబార కార్యాలయంలోనే కొత్తది తీసుకుని, అకామాను దానికి మార్పించుకున్నాకే బయలుదేరుతున్నారు. పాతదాన్ని పారేయడం లేదు. అరవై దాటి డిగ్రీ లేనివారి వర్క్ పర్మిట్లను పునరుద్ధరించకూడదని 2021 జనవరి నుంచి కువైట్ నిబంధన పెట్టడంతో, మా పక్క గది పెద్దాయన ఒకరు అసలు తిరిగి రానే లేదు. ఆయన పెట్టె మా మంచం కింద రెండేళ్ళుంది. బావ ఒంటిమిట్టలో ఆటో తోలుకుంటున్నాడు. ఆస్ట్రాజెనెకా పేరు ఎత్తితే ఇప్పటికీ నవ్వడు.

మా పీలేరు తమ్ముడు పోయిన నెల సెలవు మీద వెళ్ళాడు. బయలుదేరే ముందు తన సిమ్‌కు ఏడాదికి సరిపడా డబ్బు వేయించి, దాన్ని నా ఫోన్‌లో రెండో గడిలో పెట్టి వెళ్ళాడు. నిన్న రాత్రి పదకొండింటికి ఆ నంబరుకు ఆరు అంకెలు వచ్చాయి. అంతలోనే పీలేరు నుంచి ఫోన్. "చెప్పన్నా, రెండు నిమిషాలే టైము" అన్నాడు. చదివి వినిపించాను. రెండో అంకె సరిగా వినపడలేదంటే మళ్ళీ చెప్పాను.